పెరటి హిమశాస్త్రం: కేసముద్ర ఖండం

ఏ శాస్త్రం మొదలుపెట్టినా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ ముందే చెప్పుకోవాలని పెద్దల కట్టడి. చెప్పకపోతే చదివేవాడు మధ్యలో లేచిపోతాడట. మన విషయం, చలికాలం తెల్లవారుజామున ఇంటి పెరడు తెల్లబడినప్పుడు పుట్టే అందం. ప్రయోజనం లేదు. ప్రయోజనమే లేని చోట సంబంధం గురించి అడగడం మర్యాద కాదు. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి తగినవాడు. వాడు ధనుర్మాసంలో పొద్దు పొడవకముందే లేవగలగాలి, వాడికో మఫ్లర్ ఉండాలి, పెరట్లో వాడికి పనేమీ ఉండకూడదు. మూడోది తప్పనిసరి. కేసముద్రంలో ఆ వేళకు పెరట్లో తిరిగేది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల చేతిలో చీపురు ఉంటుంది, బొక్కెన ఉంటుంది, కాగు కిందికి ఎగదోయాల్సిన కట్టె ఉంటుంది. వాళ్లకు అందం కనబడదని కాదు. కనబడుతుంది, కానీ దాని ముందు నిలబడితే నీళ్లు కాగవు. అందుకని ఈ శాస్త్రం రాసే భారం తీరిక ఉన్న మగవాళ్ల మీద పడింది. సాహిత్యంలో చాలా భాగం ఇట్లాగే పుట్టిందన్న అనుమానం ఉంది గాని, అది వేరే శాస్త్రం.

పూర్వపక్షి ఇక్కడే చెయ్యెత్తుతాడు. కేసముద్రంలో హిమమేమిటి? కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలుదారిలో నెక్కొండకూ మానుకోటకూ నడుమ ఉన్న ఊరు ఇది. 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. ఉత్తర అక్షాంశం పదిహేడు దాటి పద్దెనిమిదికి చేరదు. మిరపకూ పత్తికీ సరిపోయే ఎండ, మే నెలలో మనుషులకు సరిపోనంత ఎండ. ఆ నెలలో రేకుల కింద కూర్చున్నవాడి దగ్గర హిమం మాట ఎత్తితే చెప్పు అందుకుంటాడు. లేనిదాని మీద శాస్త్రమా?

దీనికి జవాబు పదిహేడో శతాబ్దంలోనే ఉంది. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో పదార్థాలు ఏడని చెప్పాడు. ద్రవ్యం, గుణం మొదలైన ఆరింటి తర్వాత ఏడోది అభావం. అంటే లేకపోవడం కూడా లోకంలో ఉన్నవాటిలో ఒకటే. అందులో మళ్లీ నాలుగు రకాలు. కుండ చేయకముందు కుండ లేకపోవడం ప్రాగభావం. పగిలాక లేకపోవడం ప్రధ్వంసాభావం. కుండ గుడ్డ కాకపోవడం అన్యోన్యాభావం. గాలికి రంగు లేనట్టు మూడు కాలాల్లోనూ లేకపోతే అత్యంతాభావం. కేసముద్రంలో హిమపాతం ఈ చివరి కోవకు వస్తుంది. నిన్న పడలేదు, ఇవాళ పడలేదు, రేపు పడదు. అంటే మా ఊళ్లో హిమం లేదనడం సగం మాటే. హిమాభావం ఉంది, అదీ పుష్కలంగా, ఇంటింటికీ. ఉన్నదాని మీద శాస్త్రం రాయవచ్చు.

అల్పవిషయం మీద పెద్ద గ్రంథం రాయడానికి పెద్దల ఒరవడి కూడా ఉంది. 1611 నూతన సంవత్సరానికి ప్రేగ్ నగరంలో యోహాన్నెస్ కెప్లర్ తన పోషకుడికి ఏం కానుక ఇద్దామా అని తర్జనభర్జన పడ్డాడు. గ్రహాల దారులు లెక్కగట్టిన మహానుభావుడు, చేతిలో మాత్రం పైస లేదు. వంతెన మీద నడుస్తుంటే అంగీ మీద మంచు రేకలు పడ్డాయి. అన్నిటికీ ఆరే మూలలు. ఐదో ఏడో ఎందుకు కావు? ఆ ప్రశ్న మీద చిన్న పుస్తకం రాసి, ఇంతకన్నా ఏమీ లేని వస్తువు దొరకలేదని వేళాకోళమాడుతూ దాన్నే కానుకగా ఇచ్చాడు. అందులో గుండ్రటి గింజలను ఖాళీ తక్కువ వచ్చేట్టు పేర్చడమెట్లా అనే చర్చ ఉంది. ఆయన చెప్పిన పేర్పే అన్నిటికన్నా మేలైందని థామస్ హేల్స్ అనే గణితజ్ఞుడు 1998లో నిరూపణ ప్రకటించాడు. దాన్ని కంప్యూటర్ చేత అక్షరం అక్షరం సరిచూపించేసరికి 2014 వచ్చింది.

కెప్లర్ కేసముద్రం వచ్చి ఉంటే ఇంత దూరం పోయేది కాదు. ధనుర్మాసంలో మా పెద్దమ్మ వాకిట్లో సానుపు చల్లి, ఏడు చుక్కలు నాలుగు వరకు సందుచుక్క పెడుతుంది. నడుమ వరుసలో ఏడు, దానికి అటూ ఇటూ ఆరేసి, ఐదేసి, నాలుగేసి. మొత్తం 37 చుక్కలు. ప్రతి చుక్కా పై వరుసలోని రెండు చుక్కల సందులోకి వస్తుంది కాబట్టి, చివరికి తేలేది ఆరు మూలల ఆకారమే, ఇంకోటి తేలదు. ఒక గింజ చుట్టూ ఆనుకొని కూర్చోవడానికి ఆరింటికే చోటుంటుందన్న సంగతిని పెద్దమ్మ ఎవరికీ నిరూపించలేదు. నడుముకు కొంగు బిగించి వంగి వేసింది, అంతే. పైగా ఆ ముగ్గు మంచుతడి నేల మీద ఆరేదాకా తొక్కవద్దని కసిరింది. హేల్స్ నిరూపణను ఆయన తర్వాత ఎవరూ తొక్కలేదు గనుక ఆ జాగ్రత్త ఆయనకు అవసరం పడలేదు.

మనవాళ్లకు మాత్రం మంచు మీద మొదటినుంచీ సదభిప్రాయం లేదు. కుమారసంభవం మొదట్లో కాళిదాసు హిమాలయాన్ని పొగుడుతూ, అన్ని రత్నాలు పుట్టే కొండకు మంచు ఉన్నా శోభ తగ్గలేదని సమాధానం చెప్పుకున్నాడు. అంటే ఆయన లెక్కలో మంచు ఒక లోపం, గుణాల రాశిలో క్షమించదగ్గ మచ్చ. ఆ కావ్యానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పుకుంటారు. ఎండ దేశం వాడు, ఆ మాటకు అడ్డం చెప్పలేదు. తెలుగులో పెద్దన మనుచరిత్ర ఇంకా ఘాటైన హెచ్చరిక. ప్రవరుడు సిద్ధుడిచ్చిన లేపనం కాళ్లకు రాసుకొని హిమాలయం చూడబోయాడు. ఆ లేపనం మంచుకు కరిగిపోయి తిరిగి ఇంటికి రాలేక చిక్కుపడ్డాడు. మంచు చూడబోయి అక్కడ ఇరుక్కుపోయిన మొదటి కథానాయకుడు ఆయనే. తర్వాత తెలుగు పిల్లలు చాలామందికి ఇదే గతి పట్టింది. వాళ్లకు కరిగింది లేపనం కాదు, వీసా గడువు.

సరే, లక్షణం చెప్పుకోవాలి. హిమోద్యానం అంటే ఏది? తెల్లగా ఉన్న తోట అంటే అతివ్యాప్తి. సున్నం కొట్టిన ప్రహరీ మీదికి పాకిన కాకర తీగకూ వర్తిస్తుంది. పక్కింటి గోడ కనబడని పెరడు అంటే అదీ అతివ్యాప్తే, అర్ధరాత్రి కరెంటు పోయినా పక్కింటి గోడ కనబడదు. కాబట్టి ఇట్లా బిగించాలి: వెలుతురు ఉండి, కళ్లు తెరిచి ఉండి, వస్తువు చోటనే ఉండి, కేవలం తెల్లదనం వల్ల కంటికి అందకపోతే, అటువంటి అందకపోవడాలు గుమిగూడిన చోటు హిమోద్యానం.

లక్షణంలోనే సిద్ధాంతం ఇమిడి ఉంది. ఏ ఇంటి పెరడైనా చూడండి. ముందువైపు ఊరి కోసం కట్టుకుంటాం, గ్రానైటు అంటిస్తాం, పేరు రాయిస్తాం. ఊరికి చూపించరానివన్నీ వెనక్కి పోతాయి. కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, ఎండాకాలం పోయినా లోపలికి రాని కూలర్, సెప్టిక్ ట్యాంకు మూత, ఎవరి పెళ్లికో తెచ్చి మిగిలిన రేకులు, బట్టలుతికే బండ, చెయిను లేని సైకిల్. వీటి నడుమనే జామ చెట్టు, నిమ్మ చెట్టు, పుంటికూర మడి, చిక్కుడు పందిరి. మామూలు రోజుల్లో కన్ను చిక్కుడు పువ్వు మీదికి పోబోయి ట్యాంకు మూత మీద ఆగుతుంది. మంచు దిగిన పొద్దున ముందుగా మాయమయ్యేది రేకులు, తర్వాత కూలర్, ఆ తర్వాత పక్కింటివాళ్లు మన హద్దులోకి జరిపి కట్టారని మా పెద్దబాపు ముప్పొద్దులా నమ్మే గోడ. గోడ కనబడకపోతే తగవు కూడా కనబడదు. మంచు తోటకు ఒక్క పువ్వు కూడా ఇవ్వదు. ఉన్నవాటిలో కొన్నిటిని తీసేస్తుంది, అంతే. తోటల అందమంతా ఈ తీసివేతలో ఉందని ఈ శాస్త్రం నమ్మకం. కాశ్మీరంలో పేరుకున్న మంచు కూడా చేసేది ఇదే పని, కాస్త ఎక్కువ పట్టుదలతో.

వాతావరణ శాఖ దీనికి కొలతలు పెట్టింది. చూపు ఆనే దూరం 1,000 మీటర్ల లోపుకు పడితే పొగమంచు, 200 మీటర్ల లోపయితే దట్టమైనది, 50 లోపయితే అతి దట్టమైనది. విమానాశ్రయాలకు ఇది పనికొస్తుంది. పెరటికి పనికిరాదు, ఎందుకంటే మా పెరడు మొత్తం 50 మీటర్లు లేదు. పెద్దబాపు కొలత వేరు. రైల్వే స్టేషన్ లైటు కనబడకపోతే "ఏదో జరంత పడ్డది." నీళ్ల ట్యాంకు కనబడకపోతే "మంచిగనే పడ్డది." గోడ కనబడకపోతే చాయ్ రెండోసారి అడుగుతాడు.

మంచు ఎందుకు దిగుతుందో పుస్తకాల్లో ఉన్నదే. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది, గాలి కదలకుండా ఉంటే ఆ చలికి నేల దగ్గరి తేమ చిన్న చిన్న తుంపరలై తేలుతుంది. యాసంగి నాట్ల కోసం మడులకు నీళ్లు పెట్టే రోజులు కావడంతో మా వైపు తేమకు కొదవ ఉండదు. ఢిల్లీ వైపు అయితే ఇదే మంచు రైళ్లను గంటలకు గంటలు ఆపుతుంది. ఆ ఆలస్యం రెండు రోజులకు కేసముద్రం పట్టాల మీదికి కూడా చేరుతుంది. ఇది మా ఊరికి ఉత్తరదేశపు మంచులో వచ్చే వాటా.

అసలు చిక్కు అనుమాన ప్రమాణంలో వస్తుంది. కొండ మీద పొగ కనబడింది కాబట్టి అక్కడ నిప్పుంది అనేది తార్కికులందరూ వాడే ఉదాహరణ. మంచును చూసి పొగనుకొని నిప్పును ఊహించేవాణ్ణి వాళ్లు పాతకాలం నుంచీ వెక్కిరిస్తున్నారు. ఆ తార్కికుల్లో ఎవరూ మా పెరట్లో నిలబడి ఉండరు. ఇక్కడ పొద్దున ఆరింటికి తెల్లగా కదిలేది ఏమిటో చెప్పడం ఎవరి తరమూ కాదు. కొంత మంచు, కొంత మా కాగు కింది తడికట్టె పొగ, కొంత పక్కింటి కాగుది. మంచు ఉంది గనుక నిప్పు లేదనలేరు, నిప్పుంది గనుక మంచు లేదనలేరు. మంచును చూసి పొగ అనుకున్నవాడు ఇక్కడ తప్పుదారినే పోయి సరైన చోటికే చేరతాడు, ఎందుకంటే నిప్పు ఎట్లాగూ ఉంది.  కళ్లు మండితే పొగ, మండకపోతే మంచు అని పెద్దమ్మ ఒక పరీక్ష చెప్పింది. ప్రత్యక్ష ప్రమాణం ముందు అనుమానం నిలవదని తార్కికులూ ఒప్పుకుంటారు గనుక దీన్ని శాస్త్రంలో చేర్చాం.

ఆకుల మీది నీటిబొట్ల దగ్గరికి వద్దాం. ఇవి పైనుంచి కురుస్తాయని కొందరు, నేలలోంచి లేస్తాయని కొందరు చాలా కాలం తగవులాడుకున్నారు. లండన్‌లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు ఒంట్లో బాగా లేకపోయినా రాత్రుళ్లు స్నేహితుడి తోటలో కూర్చొని తేల్చాడు. ఆయన పనిముట్టు ఉన్నికుచ్చు. తూచిన ఉన్నికుచ్చులను గడ్డి మీదా, చెక్క మీదా, చెక్క కిందా పెట్టి, తెల్లారి మళ్లీ తూచాడు. ఆకాశం వైపు తెరిచి ఉన్నవి బాగా బరువెక్కాయి, చాటున ఉన్నవి అంతగా ఎక్కలేదు. అంటే ఆకు ఆకాశాన్ని చూస్తూ చల్లబడుతుంది, చుట్టూ ఉన్న గాలిలోని తేమ దాని మీద పేరుకుంటుంది. 1814లో ఈ సంగతి అచ్చువేశాడు, రాయల్ సొసైటీ పతకం ఇచ్చింది, 1817లో పోయాడు. చలిలో తోటలు చూడడం అంత తేలిక కాదని చెప్పడానికి ఈయన్ని తలుచుకుంటాం.

అయితే బొట్లన్నీ మంచువి కావు. టమాట ఆకు అంచున వరుసగా నిలిచినవి, గడ్డిపోచ కొనన వేలాడేది, చేమ ఆకు మొనన తయారై జారిపోయేది, ఇవన్నీ మొక్క తన వేర్లతో తాగి, రాత్రి ఎక్కువైన నీటిని తానే బయటికి నెట్టినవి. వృక్షశాస్త్రంలో దీన్ని బిందుస్రావం అంటారు. కవులు ముత్యాలన్న వాటిలో మంచి భాగం మొక్క కక్కిన నీళ్లే. మేం చూసి చెబుతున్నాం గాని, ఎవరి ఉపమానాన్నీ వెనక్కి తీసుకోమని అడగడం లేదు.

వెల్స్‌కు ఉన్ని. జపాన్‌లో ఉకిచిరో నకాయా 1936లో మొదటిసారి గదిలోనే మంచుస్ఫటికాన్ని పెంచినప్పుడు అది పట్టుకున్నది కుందేలు వెంట్రుకను. చూడగా మంచుశాస్త్రం ఎప్పుడూ ఏదో ఒక నూగును పట్టుకొనే వేలాడుతోంది. కేసముద్రం వంతుకు పత్తి ఉంది. నవంబరు నుంచి పల్లెల్లో పత్తి ఏరి, ట్రాక్టర్ల మీదా డీసీఎంల మీదా తట్టుకోలేనంత ఎత్తుకు తొక్కి, మార్కెట్ దిక్కు తోలతారు. దారికి అటూ ఇటూ తుమ్మ చెట్లుంటాయి. ప్రతి బండి నుంచీ ప్రతి ముల్లూ తన సుంకం తాను తీసుకుంటుంది. సంక్రాంతి నాటికి కిందికొమ్మలన్నీ తెల్లగా కుచ్చులు తేలి ఉంటాయి. గాలి తిరిగితే ఆ నూగు ఇళ్ల మీదికి వస్తుంది, పెరటి కంచెకు, నిమ్మముళ్లకు, కాలు విరిగిన ఆ కుర్చీకి అంటుకుంటుంది. రాత్రి మంచుకు తడిసి బరువెక్కి వేలాడుతుంది. వెల్స్ తూచి పెట్టుకున్న పనిముట్లు మాకు ఊరి దారి పొడవునా తూచకుండానే వేలాడుతుంటాయి. రైతుకు అది పోయిన పత్తి. శాస్త్రానికి హిమపాతం. ఈ రెండో లెక్కను రైతు ఎదుట చెప్పకపోవడం మంచిది.

బంతి, చేమంతి, గొబ్బెమ్మల్లో గుచ్చే తెల్లటి పిండికూర, వీటి అందం చెప్పడానికి శాస్త్రం అక్కరలేదు, పండుగ సంచికలు చాలు. చిక్కుడు పందిరి సంగతి అట్లా కాదు.

చలి ముదిరేకొద్దీ చిక్కుడు లేతకొనలకూ పూతకాడకూ పేనుబంక పడుతుంది. నల్లగా, మందంగా, కాడ కనబడకుండా. దానికి పెద్దమ్మ వైద్యం బూడిద. కాగు పొయ్యిలోని కట్టెబూడిదను జల్లించి, చాటలో తెచ్చి, మంచు ఆరకముందే పందిరి మీద విసురుతుంది. ఎండెక్కాక చల్లితే గాలికి పోతుంది. తడి ఆకు మీద చల్లితే అంటుకొని నిలుస్తుంది. ఇప్పుడు చూడండి, తార్కికుల ఉదాహరణ ఎంత దూరం వచ్చిందో. పొగ వల్ల నిప్పు తెలిసింది, నిప్పు వల్ల బూడిద పుట్టింది, మంచు వల్ల బూడిద నిలిచింది. పందిరంతా, కింది బంతిమొక్కలూ, కూలర్ నెత్తీ తెల్లబడ్డాయి. చేమ ఆకు మాత్రం ఈ దీక్ష పట్టదు. దాని మీది మైనపు పూతకు నీటిబొట్టు నిలవదు, జారిపోతూ బూడిదను కూడా తుడుచుకొని పోతుంది. అన్ని మతాల్లోనూ ఇటువంటివాడు ఒకడుంటాడు.

పెద్దబాపు కొడుకు మిషిగన్‌లో నొవై అనే ఊళ్లో ఉంటాడు. డిసెంబరు నుంచి వాడు తన ఇంటి వెనకతోట ఫొటోలు పంపడం మొదలుపెడతాడు. తెల్లటి నేల, తెల్లటి కంచె, తెల్లటి టోపీలు పెట్టుకున్న పొదలు. నిజంగా బాగుంటాయి. ఈ శాస్త్రం పక్షపాతం లేనిది కాబట్టి ఒప్పుకుంటుంది. కానీ ఆ తోటలో మన మొక్క ఏదీ ఉండదని గమనించాలి. తెలుగువాళ్ల మొక్కలు అక్కడ చలికాలంలో బయట బతకవు. మొదటి గడ్డచలి రాకముందే తులసి, మల్లె, కరివేపాకు కుండీలు హాల్లోకి వచ్చి కిటికీ పక్కన లైటు కింద కూర్చుంటాయి. కరివేపాకు రాలితే ఇంట్లో దిగులు. పోపులోకి రెమ్మ తుంచాలంటే కోడలు ముందు చెట్టు వైపు, తర్వాత మొగుడి వైపు చూస్తుందట. అంటే అక్కడ తోట ఇంట్లో ఉంటుంది, బయట ఉన్నది తోట లేకపోవడం. అన్నంభట్టు ఏడో పదార్థాన్ని అంత విశాలంగా, పార పట్టి ఎత్తిపోసేంత రాశిగా చూడాలంటే మిషిగన్ పోవాల్సిందే.

రెండు తోటలనూ ఒకేసారి చూడ్డం కుదరదు. చలికాలంలో వాడికీ మాకూ పదిన్నర గంటల తేడా. మాకు తెల్లారేసరికి వాడికి రాత్రి ఎనిమిది దాటుతుంది. వాడికి పొద్దు పొడిచేసరికి మాకు చీకటి పడి దీపాలు పెట్టేస్తారు. మా పగటికీ వాడి పగటికీ పొత్తు లేదు. వీడియో కాల్‌లో ఎప్పుడూ ఒకరి పెరడు నల్లగానే ఉంటుంది. అందుకని ఈ వాదం ఫొటోల మీద నడుస్తుంది.

ఒకనాడు పొద్దున పెద్దబాపు బూడిద చల్లిన పందిరిని, మంచు తెర వెనక ఉండగానే, ఫోనులో తీసి పంపాడు. చెయ్యి వణికి కొంచెం మసకబారడం కూడా కలిసొచ్చింది. వాడు అప్పటికప్పుడే ఫోన్ చేశాడు.

"బాపూ, ఇదేంది? మన దగ్గర గిట్ల మంచు పడ్డదా?"

"పడలే. మీ అమ్మ చల్లింది."

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత కోడలి గొంతు వినబడింది, ఆ ఫొటో తన ఆఫీసులో వాళ్లకు చూపిస్తానని. వాళ్లేమన్నారో తెలియదు గాని, హిమోత్పత్తిలో ప్రకృతికి పోటీగా పెద్దమ్మ పేరు ఆ దేశంలో ఒక ఆఫీసుదాకా పోయిందని ఇక్కడ నమోదు చేస్తున్నాం. ఆంధ్రాలో అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగికి బస్సులు కట్టుకొని పోయి, అర్ధరాత్రి లేచి, చలికి వణికి మంచు చూసివచ్చేవాళ్లు దీన్ని ఒకసారి ఆలోచించాలి. చాటెడు బూడిదతో అయ్యే పని అది.

మా సిద్ధాంతం మీద బలమైన దెబ్బ ఒకటుంది, దాచడం న్యాయం కాదు. మంచు వస్తువులను దాచడం వల్లనే తోట అందంగా ఉంటుందని అన్నాం. మరి సాలెగూడు? మామూలు రోజుల్లో జామకొమ్మకూ బట్టల తాడుకూ నడుమ సాలీడు కట్టిన గూడు ఎవరి కంటికీ ఆనదు, మొహానికి తగిలాకే తెలుస్తుంది. మంచుపొద్దున మాత్రం పోగు పోగునా బొట్లు పట్టి, గూడు మొత్తం గీసినట్టు కనబడుతుంది. పెరట్లో అంతకన్నా అందమైన వస్తువు లేదు. అది మంచు దాచడం వల్ల కాదు, చూపించడం వల్ల. పూర్వపక్షి ఇక్కడ గెలిచాననుకుంటాడు. సిద్ధాంతి జవాబు ఇది: సాలీడుకు దాచుకోవడమే వృత్తి. కనబడకుండా ఉండాలని కట్టిన గూడు కనబడితే, ఆ గూట్లోని గూడుతనం, అంటే ఉచ్చు, మాయమైంది. పురుగు చూసి తప్పించుకొని పోతుంది. మంచు ఇక్కడ కూడా ఒకదాన్ని తీసేసింది, అది దారం కాదు, ద్రోహం. ఈ జవాబు చెప్పాక సిద్ధాంతి తొందరగా తర్వాతి విషయానికి వెళ్లాడని శిష్యులు గుర్తుంచుకున్నారు.

మిగిలింది కారణ విచారం. తెల్లటి పందిరికి ఉపాదానం బూడిద, సహకారి మంచు, కర్త పెద్దమ్మ. ఇంతవరకు తగవు లేదు. కానీ పెద్దమ్మ చేత చాట పట్టించింది ఎవరు? పేనుబంక. అది పట్టకపోతే బూడిద పొయ్యిలోనే ఉండేది, పందిరి పచ్చగా, మామూలుగా ఉండేది, మిషిగన్ నుంచి ఫోను వచ్చేది కాదు. కాబట్టి కేసముద్రంలో హిమానికి నిమిత్తకారణం పేనుబంక అని ఒక శాఖ బయల్దేరింది. ఆ శాఖలో ప్రస్తుతానికి పెద్దబాపు ఒక్కడే ఉన్నాడు. పేనుబంకను మొత్తం చంపితే వచ్చే ఏడు ఫొటో ఉండదు గనుక, పందిరికి ఒక మూలనైనా దాన్ని ఉండనివ్వాలని ఆయన వాదం. మావిడి పూతను తేనెమంచు పురుగు పట్టినప్పుడు ఆకుల మీద జిగటగా మెరిసేదాన్ని కూడా హిమంలో చేర్చాలని ఇంకో ప్రతిపాదన తెచ్చాడు, అది నల్లగా బూజు పడుతుందని తెలిసి తనే వదిలేశాడు.

"పేన్లను సాదుతవా? కూర తినేది నువ్వే గదా," అని పెద్దమ్మ బూడిద వైద్యం మానేసి వేపనూనె సీసా దింపింది. శాస్త్రం ఇక్కడితో ఆగిపోయేదే. కానీ వేపనూనెకు నీళ్లు కలవవు, సబ్బు వేయాలి. బొక్కెనలో సబ్బునీళ్లు పోసి గిలకొట్టేసరికి అంతా పాలలాగా తెల్లబడింది. పెద్దబాపు ఫోన్ కోసం లోపలికి పోయాడు.